మెడ పైపూసల ఆపరేషన్: స్క్రూ వేయడానికి ముందు ధమని దారి చూడాలి

పాఠకుల ప్రశ్నలు, న్యూరోసర్జన్ జవాబులు

రెండు సంచికల కిందట మెడనొప్పి గురించి రాసినప్పుడు, తలకు ఆనుకుని ఉండే మొదటి రెండు పూసలకు ఆపరేషన్ చేయాల్సి వస్తే అక్కడి రక్తనాళాల తీరు ముందే తెలుసుకోవాలని ఒక్క వాక్యంలో ప్రస్తావించి వదిలేశాను. ఆ వాక్యం మీదే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. వాటిలో అయిదింటికి ఈసారి జవాబులు రాస్తున్నాను. మొదటి ఉత్తరానికి జవాబు పెద్దది. మిగతా నలుగురూ దాన్ని కూడా చదవాలని కోరుతున్నాను, ఎందుకంటే అసలు విషయమంతా అందులోనే వచ్చింది.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా అమ్మాయికి 13 ఏళ్లు. డౌన్ సిండ్రోమ్ ఉంది. ఆరు నెలలుగా నడక తడబడుతోంది. మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకుంటోంది, చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలియకుండానే నాలుగడుగులు వేస్తోంది. తల కింది రెండు పూసల మధ్య కీలు జారిందని, స్క్రూలు వేసి బిగించాలని న్యూరోసర్జన్ గారు చెప్పారు. ఆ తర్వాత రంగు మందు ఎక్కించి రక్తనాళాల కోసం తీసిన సీటీ యాంజియోగ్రామ్‌లో కుడి వైపు రక్తనాళం మొదటి పూస కింద నుంచి పోతోందని, ఎడమ వైపుది రెండో పూసలో బాగా పైకి ఎక్కి ఉందని వచ్చింది. అందువల్ల ఆపరేషన్ ప్లాన్ మార్చాలంటున్నారు. మాది మేనరికం. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం నాడు బయట తిరిగావని మా అమ్మ ఇప్పటికీ నా భార్యను అంటూ ఉంటుంది. ఈ తేడా మా వల్ల వచ్చిందా? ఇంత ప్రమాదం ఉన్నప్పుడు ఆపరేషన్ మానుకోవచ్చా? — ఒక తండ్రి, కాకినాడ

జవాబు: చెప్పు జారిన సంగతి రాసి మంచి పని చేశారు. కాలికి చెప్పు ఉందో లేదో మెదడుకు చేరవేసే తీగలు వెన్నుపాము వెనక భాగంలో ఉంటాయి. జారిన పూస వెన్నుపామును నొక్కుతోందనడానికి మీ అమ్మాయి నడకలోని ఆ చిన్న మార్పు, ఏ స్కానింగుకూ తీసిపోని సాక్ష్యం. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో నూటికి పది నుంచి ఇరవై మందికి ఈ కీలు వదులుగా ఉన్నట్టు ఎక్స్‌రేలో కనిపిస్తుంది కానీ, వెన్నుపాము నొక్కుకుపోయి నడక మారే స్థితి నూటికి ఒకరిద్దరికే వస్తుంది. మీ అమ్మాయి ఆ ఒకరిద్దరిలో ఉంది. కాబట్టి ఆపరేషన్ మానుకోవడం క్షేమమైన దారి కాదు. అలా వదిలేస్తే చేతులు కూడా బిగుసుకుపోవచ్చు, మూత్రం మీద అదుపు తప్పవచ్చు, చిన్నపాటి పడిపోవడానికే ఊపిరి ఆడకపోయే ప్రమాదం రావచ్చు. ఒకసారి పోయిన బలం ఆపరేషన్ తర్వాత పూర్తిగా తిరిగి వస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు.

ఇక మీ ఇంట్లో మాట. డౌన్ సిండ్రోమ్ రావడానికి 21వ క్రోమోజోము ఒకటి అదనంగా ఉండటం కారణం. దానికి మేనరికం కారణం కాదు, గ్రహణం అసలే కాదు. రక్తనాళం దారి మారడానికి కూడా మీరు గానీ మీ భార్య గానీ చేసిన పని ఏదీ కారణం కాదు. మీ అమ్మగారికి ఈ పేరా చదివి వినిపించండి. పదమూడేళ్లుగా ఒక తల్లి ఈ మాట పడుతూ ఉందంటే, ఇప్పటికైనా అది ఆగాలి.

ఆ రక్తనాళాలు కడుపులో ఎలా ఏర్పడతాయో తెలిస్తే ఇది మరింత స్పష్టమవుతుంది. గర్భం దాల్చిన నాలుగో వారం నుంచి ఎనిమిదో వారం మధ్య, పిండం మెడ భాగంలో ఒక్కో వైపు ఏడేసి చిన్న ధమనులు నిచ్చెన మెట్ల మాదిరిగా అడ్డంగా ఉంటాయి. వాటిని కలుపుతూ నిలువుగా ఒక గొలుసు ఏర్పడుతుంది. క్రమంగా పై ఆరు మెట్లూ మాయమై, ఏడోది భుజం వైపు వెళ్లే పెద్ద ధమనిలో భాగంగా మిగులుతుంది. నిలువు గొలుసే వెర్టిబ్రల్ ధమని అవుతుంది. మీరు కాకినాడ వారు కనుక ఈ పోలిక మీకు బాగా అందుతుంది: కొత్త కాలువ తవ్వాక పాత పాయ పూడిపోవాలి, కానీ కొత్తది సరిగా తెగక పాత పాయలోనే నీళ్లు పారుతూ ఉండిపోయాయి అనుకోండి. మీ అమ్మాయికి కుడి వైపు జరిగింది అదే. మాయం కావాల్సిన పై మెట్టు మిగిలిపోయింది. ఆ వారాల్లో చాలామంది తల్లులకు తాము గర్భవతులమన్న సంగతే సరిగా తెలియదు.

సాధారణంగా ఈ ధమని ఎలా వెళుతుందంటే, మెడ మొదట్లో బయలుదేరి ఆరో పూస పక్కనున్న రంధ్రంలోకి ప్రవేశించి, అక్కడి నుంచి ఒక్కో పూస రంధ్రం గుండా రెండో పూస వరకూ నిలువుగా ఎక్కుతుంది. ఆ రెండో పూస పేరు యాక్సిస్. అక్కడ బయటికి వంగి, మొదటి పూస అయిన అట్లాస్ పక్కనున్న రంధ్రం గుండా పైకి వచ్చి, మళ్లీ వెనక్కి తిరిగి, అట్లాస్ వెనక కమాను పైనున్న గాడిలో పడుకుని, అక్కడి నుంచి పుర్రెలోకి వెళుతుంది. లోపల కుడి, ఎడమ ధమనులు రెండూ కలిసి ఒకటవుతాయి. మెదడుకు చేరే రక్తంలో అయిదో వంతు వరకూ ఈ రెండింటి ద్వారానే వెళుతుంది. ఊపిరి, మింగడం, మాట, నిలకడ చూసే మెదడు కాండానికీ చిన్న మెదడుకూ ఇదే ఆధారం. మెడలో మిగతా చోట్ల నిటారుగా పోయే ధమని సరిగ్గా ఈ రెండు పూసల దగ్గరే ఇన్ని వంకరలు తిరుగుతుంది. తలను పక్కలకు తిప్పడంలో దాదాపు సగం కదలిక ఈ ఒక్క కీలులోనే ఉంది కాబట్టి, తల తిరిగినా ధమని సాగిపోకుండా ఆ వంకరల్లో కొంత వదులు ఉంటుందన్నమాట.

మీ అమ్మాయికి కుడి ధమని యాక్సిస్ నుంచి బయటికి వచ్చాక అట్లాస్ రంధ్రంలోకి వెళ్లకుండా, దాని కమాను కింది నుంచే లోపలికి దూరుతోంది. మొదటి పూసకు స్క్రూ వేసేటప్పుడు సర్జన్ చేరుకోవాల్సిన చోటు సరిగ్గా అదే. ఆ కమాను కింద మామూలుగా రెండో మెడ నరమూ, దాని చుట్టూ సిరల వలా ఉంటాయి. సిరల నుంచి రక్తం కారడం అక్కడ మామూలే కాబట్టి సర్జన్లందరూ దానికి అలవాటుపడి, కరెంటు పరికరంతో కాల్చి ఆపుతూ ముందుకు వెళతారు. ఆ సిరల మధ్య ధమని ఉందని ముందే తెలియకపోతే ఏం జరుగుతుందో మీరు ఊహించగలరు. నేను శిక్షణలో ఉన్న రోజుల్లో ఒక ఆపరేషన్‌లో అలాంటి చోటే ఉన్నట్టుండి ఎర్రటి రక్తం చిమ్మింది. ఎముక మాత్రమే కనిపించే మామూలు సీటీ చూసి మొదలుపెట్టిన ఆపరేషన్ అది. రోగి బతికారు, కానీ ఆ రోజు పూస బిగించడం కుదరలేదు. ఆనాటి నుంచి ధమని దారి నా కళ్లతో చూడకుండా పై రెండు పూసల దగ్గర చర్మం మీద గాటు పెట్టలేదు.

ఎడమ వైపు సంగతి వేరు. యాక్సిస్ ఎముక లోపల ధమని వంపు తిరిగే చోట ఒక గూడు ఉంటుంది. ఆ గూడు మామూలుకన్నా పైకీ, లోపలికీ జరిగితే దాని పైన మిగిలే ఎముక పలచబడిపోతుంది. స్క్రూ పోవాల్సింది ఆ మిగిలిన ఎముకలో నుంచే. మేము వాడే స్క్రూ మందం సాధారణంగా 3.5 మిల్లీమీటర్లు. నిలువు కోత బొమ్మలో ఆ ఎముక ఎత్తు 5 మిల్లీమీటర్లు గానీ అంతకు తక్కువ గానీ ఉంటే, లేదా ధమని గూటికీ పై కీలుకూ మధ్య 2 మిల్లీమీటర్లకు మించి ఎముక లేకపోతే, ధమని పైకి ఎక్కిందని అంటాం. ఇదేమీ అరుదు కాదు. మామూలు మనుషుల్లో కూడా ఏదో ఒక వైపు ఇలా ఉండేవాళ్లు అయిదుగురిలో ఒకరి దాకా ఉంటారు. అయితే కుడి వైపు మీ అమ్మాయికి ఉన్నలాంటి తేడా మామూలు వాళ్లలో నూటికి కొద్దిమందికే ఉంటుంది. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో, అట్లాస్ పుర్రెకు అతుక్కుపోయి పుట్టినవారిలో, మెడపూసలు కలిసిపోయి పుట్టే క్లిప్పెల్-ఫైల్ సిండ్రోమ్ ఉన్నవారిలో అది చాలా ఎక్కువగా కనిపిస్తుంది. అందుకే ఎముకల్లో పుట్టుకతో తేడా ఉన్న ఏ పిల్లలకైనా ధమనిలో కూడా తేడా ఉంటుందనే అనుమానంతోనే మొదలుపెట్టాలి.

ప్లాన్ మార్చడం అంటే వెనకడుగు వేయడం అనుకోకండి. మీ సర్జన్ గారు చేయాల్సిన పనే చేశారు. ఎడమ వైపు యాక్సిస్‌లో పొడుగు స్క్రూకు బదులు ధమని గూటికి చేరకముందే ఆగే పొట్టి స్క్రూ వేయవచ్చు. లేదా ఆ పూస వెనక రేకుల్లో అడ్డంగా స్క్రూ వేయవచ్చు. 2004లో అమెరికా సర్జన్ రైట్ ప్రచురించిన ఈ రెండో పద్ధతిలో స్క్రూ ధమని దరిదాపుల్లోకి పోదు, కానీ రేకులు తగినంత మందంగా ఉండాలి. కుడి వైపు అట్లాస్‌కు, కమాను ఎముక మందం సరిపోతే, కింది నుంచి కాకుండా ఆ కమానులో నుంచే స్క్రూ పంపవచ్చు. లేదా ధమనిని మెల్లగా విడదీసి పక్కకు జరిపి పెట్టుకుని వేయవచ్చు. ఏదీ కుదరకపోతే పుర్రె వెనక ఎముకకూ కింది పూసలకూ కలిపి బిగించే పద్ధతి ఉంది. దానివల్ల మెడ కదలిక మరింత తగ్గుతుంది కాబట్టి అది చివరి దారి. వీటిలో ఏది సరైనదో మీ అమ్మాయి బొమ్మలు చేతిలో ఉన్నవారే చెప్పగలరు.

మీరు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. రెండు ధమనుల్లో ఏది పెద్దది, ఏది చిన్నది అని తప్పకుండా అడగండి. పెద్ద ధమని ఉన్న వైపు ఎంత జాగ్రత్తగా ఉంటారో, ఏ వైపు ఏ పద్ధతి ఎంచుకున్నారో బొమ్మ మీద చూపించమనండి. మత్తు ఇచ్చేటప్పుడు తల వెనక్కి వంచకుండా, సన్నటి కెమెరా గొట్టం సాయంతో ఊపిరి గొట్టం వేస్తారా అని మత్తు డాక్టరు గారిని అడగండి. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో గుండె, థైరాయిడ్ సమస్యలు ఎక్కువ కాబట్టి ఆ పరీక్షలు ముందే అయ్యాయో లేదో చూసుకోండి. ఆపరేషన్ తర్వాత అమ్మాయి తలను పక్కలకు మునుపటంత తిప్పలేకపోతుంది. పిల్లలు దానికి త్వరగానే అలవాటు పడతారు. ఆపరేషన్ అయ్యేవరకూ పిల్లిమొగ్గలు, ఊయల మీద నుంచి దూకడం, ఆటోలో కుదుపుల ప్రయాణాలు మాన్పించండి.

ప్రశ్న: నా వయసు 61. పదిహేనేళ్లుగా కీళ్లవాతం ఉంది. మెడ మొదటి పూస ముందుకు జారిందని ఆపరేషన్ చెప్పారు. ఎమ్మారై, మామూలు సీటీ రెండూ అయ్యాయి. ఇప్పుడు రంగు మందు ఎక్కించి ఇంకో సీటీ తీయాలంటున్నారు. నాకు షుగరు ఉంది, క్రియాటినిన్ 1.6 ఉంది. ఆ మందు వల్ల కిడ్నీలు పోతాయని మా బంధువులు భయపెడుతున్నారు. రెండు స్కానింగులు ఉండగా మూడోది ఎందుకు? — ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: అమ్మా, మూడూ మూడు వేర్వేరు సంగతులు చెబుతాయి. వెన్నుపాము ఎంత నొక్కుకుందో ఎమ్మారై చెబుతుంది. ఎముక ఎంత మిగిలిందో మామూలు సీటీ చెబుతుంది. ఆ ఎముకల మధ్య రక్తం పారే దారి ఎటు పోతోందో యాంజియోగ్రామ్ చెబుతుంది. ఎముకలోని గూడు మామూలు సీటీలోనూ కనిపిస్తుంది నిజమే. కానీ గూడు ఖాళీగా ఉండి ధమని వేరే చోటు నుంచి పోయే సందర్భాలు ఉన్నాయి. ఇంకొందరిలో ధమని రెండుగా చీలి, ఒక పాయ మామూలు దారిలో, ఇంకో పాయ అట్లాస్ కమాను కింద వెళ్లి పైన మళ్లీ కలుస్తాయి. ఒక పాయ ఉండాల్సిన చోటే కనిపించింది కదా అని నిశ్చింతగా ఉంటే రెండో పాయ దెబ్బతింటుంది. చిన్న మెదడుకు వెళ్లే ఒక ముఖ్యమైన కొమ్మ, పుర్రెలో కాకుండా కిందనే ఈ రెండు పూసల మధ్య మొదలయ్యేవారు కూడా ఉన్నారు. ఆ కొమ్మ సన్నగా ఉంటుంది, తెగితే మాత్రం మింగడం, మాట, నిలకడ అన్నీ దెబ్బతినవచ్చు. ఇవన్నీ మామూలు సీటీకి అందవు. కీళ్లవాతం ఏళ్ల తరబడి ఎముకను తింటుంది కాబట్టి, మీలాంటి వారిలో ధమని గూటి పైనుండే ఎముక పలచబడటం కూడా ఎక్కువ.

కిడ్నీల గురించి మీ భయం అర్థరహితం కాదు. అయితే క్రియాటినిన్ ఒక్క అంకెను బట్టి నిర్ణయించరు. వయసు, స్త్రీ పురుష భేదం కలిపి కిడ్నీ వడపోత శక్తిని లెక్కకడతారు. ఆ లెక్క 30కి దిగువన ఉంటే రంగు మందు విషయంలో చాలా ఆలోచిస్తారు. మీరు రాసిన అంకెను బట్టి మీది దానికి కొంచెం పైనే ఉండవచ్చు. అలాంటప్పుడు ముందుగా తగినంత నీరు అందేలా చూసి, మందు మోతాదు తగ్గించి తీయడం సాధ్యమే. షుగరుకు మెట్‌ఫార్మిన్ వేసుకుంటుంటే ఆ సంగతి తప్పక చెప్పండి. కొందరికి 48 గంటలు ఆపమంటారు. నొప్పి మాత్రలు వాడుతుంటే అవి కూడా చెప్పండి. కిడ్నీలకు ఈ రంగు మందు కన్నా మీరు రోజూ మింగే ఆ మాత్రల వల్లే ఎక్కువ నష్టం జరుగుతూ ఉండవచ్చు. మీ కిడ్నీ డాక్టరు గారు రంగు మందు వద్దంటే, మందు లేకుండానే ధమనులను చూపించే ఎమ్మార్ యాంజియో ఉంది. సీటీ అంత వివరం రాకపోయినా, మీ మామూలు సీటీతో పక్కపక్కన పెట్టి చూస్తే చాలావరకు పని జరుగుతుంది. ఏదో ఒక రూపంలో ధమని బొమ్మ లేకుండా మాత్రం ఆపరేషన్ బల్ల ఎక్కవద్దు.

ప్రశ్న: నేను కరీంనగర్‌లో స్కూల్ టీచర్ని, 38 ఏళ్లు. తలనొప్పి, మెడనొప్పి ఉండి ఎక్స్‌రే తీయించుకుంటే అందులో పాంటిక్యులస్ పోస్టికస్ ఉందని రాశారు. ఇంటర్నెట్‌లో చూస్తే పక్షవాతం వస్తుందని ఉంది. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. ఆపరేషన్ చేయించుకోవాలా? — ఒక పాఠకుడు

జవాబు: అక్కర్లేదు. ఆ లాటిన్ మాటకు వెనకనున్న చిన్న వంతెన అని అర్థం. అట్లాస్ కమాను మీద ధమని పడుకునే గాడి ఉంటుందని పైన రాశాను. కొందరిలో ఆ గాడి మీదుగా ఎముక సన్నటి వంతెనలా పెరిగి, గాడి కాస్తా సొరంగం అవుతుంది. దాదాపు ఆరేడుగురిలో ఒకరికి ఇది పూర్తిగానో కొంతవరకో ఉంటుంది. మెడికల్ కాలేజీ మొదటి సంవత్సరంలో అనాటమీ హాల్లో ఎముకల పెట్టె ముందు కూర్చున్నప్పుడు, మా మాస్టారు ఒక అట్లాస్ పూస నా చేతిలో పెట్టి, ఆ వంతెన కింది నుంచి అగరుబత్తి పుల్ల దూర్చి చూపించారు. పుల్ల ఒక వైపు నుంచి వెళ్లి రెండో వైపు వచ్చింది. మీ స్టాఫ్ రూములో ఇరవై మంది టీచర్లు ఉంటే, వారిలో ఇద్దరు ముగ్గురి మెడల్లో అదే వంతెన ఉండి ఉంటుంది, వారికి తెలియదు అంతే. మీ తలనొప్పికి అదే కారణమని చెప్పడానికి ఇప్పుడు మీ దగ్గరున్న ఎక్స్‌రే చాలదు. నల్లబల్ల మీద రాస్తూ, పేపర్లు దిద్దుతూ గంటల తరబడి మెడ వంచే వారిలో కండరాల బిగింపే నొప్పికి మామూలు కారణం.

ఈ వంతెన విలువ ఆపరేషన్ గదిలో తెలుస్తుంది. అట్లాస్‌కు స్క్రూ వేయబోయే సర్జన్‌కు వంతెనతో కలిపి చూస్తే కమాను మంచి మందంగా ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. ఎముక బాగా ఉందని వంతెన మీదే డ్రిల్లు పెడితే, అది దిగేది ధమనిలోకే. అందుకని మీ ఎక్స్‌రే రిపోర్టును దాచుకోండి. ఎప్పుడైనా మెడకు ఆపరేషన్ చెబితే మొదట అది చూపించండి.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. సెలూన్లో క్షవరం అయ్యాక మెడ పట్టుకుని చటుక్కున తిప్పి టక్కుమనిపించే అలవాటు మన ఊళ్లలో చాలామందికి ఉంది. హాయిగా ఉంటుందనే చేయించుకుంటారు. అలా ఒక్కసారిగా మెడ విరిచినప్పుడు, సరిగ్గా ఈ పై పూసల దగ్గరే ధమని లోపలి పొర చిరిగి, పక్షవాతం వచ్చిన సందర్భాలు వైద్య పత్రికల్లో ఎన్నో నమోదయ్యాయి. మెడలో ఏ తేడా లేనివారికి కూడా అలా జరిగింది. తల మర్దనా చేయించుకోండి, మెడ మాత్రం తిప్పనివ్వకండి.

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్లు, గుంటూరులో ఉంటారు. స్కూటర్ మీద నుంచి పడి రెండో మెడపూస మేకు లాంటి ఎముక విరిగింది. మూడు నెలలు పట్టీ వేసినా అతకలేదు, ఇప్పుడు చేతులు తిమ్మిరెక్కుతున్నాయి. మొదటి రెండు పూసలను స్క్రూలతో బిగిస్తామంటున్నారు. నేను డాలస్‌లో ఉంటాను. నావిగేషన్, రోబో ఉన్న ఆసుపత్రిలోనే చేయించాలా? పొరపాటున రక్తనాళం తెగితే ఏం చేస్తారు? ఇలాంటి ఆపరేషన్ మన దేశంలో చేయించడం క్షేమమేనా? — ఒక కొడుకు

జవాబు: చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. మీ నాన్నగారికి చెప్పిన పద్ధతిని, అంటే అట్లాస్ పక్క భాగంలో ఒక స్క్రూ, యాక్సిస్‌లో ఒక స్క్రూ విడివిడిగా వేసి రెండింటినీ కలిపి బిగించే పద్ధతిని, ముంబైలోని కేఈఎం ఆసుపత్రిలో డాక్టర్ అతుల్ గోయెల్ అభివృద్ధి చేసి, సహచరుడు లాహేరితో కలిసి 1994లో ప్రచురించారు. ఆయన రెండు స్క్రూలనూ లోహపు పలకతో కలిపారు. 2001లో జర్మనీ సర్జన్ హార్మ్స్, మెల్చర్‌తో కలిసి పలకకు బదులు కడ్డీ వాడే మార్పుతో దాన్ని ప్రచురించాక, అది ప్రపంచమంతా వ్యాపించింది. డాలస్‌లో అయినా మీ నాన్నగారికి చేసేది ఈ పద్ధతే కావచ్చు. అంతకుముందు తీగలతో కట్టేవారు. తర్వాత స్విట్జర్లాండ్‌కు చెందిన మాగెర్ల్ పద్ధతిలో ఒకే పొడుగు స్క్రూను కింది పూస నుంచి పై పూసలోకి కీలు మీదుగా పంపేవారు. ఆ పొడుగు స్క్రూ ధమని గూటికి బాగా దగ్గరగా పోతుంది. అమెరికా న్యూరోసర్జన్లను అడిగి 1998లో ప్రచురించిన సర్వేలో, ఆ పద్ధతిలో ఆపరేషన్ అయిన 1,318 మందిలో, అనుమానించినవి కూడా కలిపితే, నూటికి నలుగురికి ధమని దెబ్బతిన్నట్టు తేలింది. అయితే దానివల్ల నరాల పని దెబ్బతిన్నవారు వెయ్యికి ఇద్దరే. ఈ రెండు అంకెల మధ్య తేడానే మీ రెండో ప్రశ్నకు జవాబు.

ధమనికి డ్రిల్లు తగిలితే రంధ్రం నుంచి ఎర్రటి రక్తం ఒత్తిడితో ఎగజిమ్ముతుంది. అప్పుడు సర్జన్ కంగారుపడి లోతుగా వెతకడం కన్నా, ఎముక మైనంతోనో, గట్టిగా అదిమిన దూదితోనో ఆపి, చాలా సందర్భాల్లో వేయాల్సిన స్క్రూనే ఆ రంధ్రంలో బిగించి దాన్ని మూసేస్తారు. అన్నిటికన్నా ముఖ్యమైన నియమం ఒకటి ఉంది. ఒక వైపు ధమని దెబ్బతింటే రెండో వైపు ప్రమాదకరమైన స్క్రూ వేయకూడదు, ఎందుకంటే రెండు ధమనులూ పోతే మెదడు కాండానికి రక్తం ఉండదు. తర్వాత యాంజియోగ్రామ్ తీసి, చిరిగిన చోట బుడగలా ఉబ్బుతోందా, రక్తం గడ్డకడుతోందా అని చూసి, అవసరమైతే రక్తనాళం లోపలి నుంచే కాయిల్స్ అనే సన్నటి తీగ చుట్టలతోనో స్టెంటు తోనో మూస్తారు. రెండో ధమని బాగుంటే చాలామంది కోలుకుంటారు. అందుకే రెండు ధమనుల్లో పెద్దది ఏదో ముందే తెలియాలి, ఆ సంగతి ఆపరేషన్ గదిలో అందరికీ కనబడేలా బోర్డు మీద రాసి ఉండాలి. ఇంటికి వచ్చాక మెడ ఉబ్బినా, ఒకటి రెండుగా కనిపించినా, గొంతు బొంగురుపోయి మింగుడు పడకపోయినా, ఒక పక్కకు తూలిపోతున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లమని మీ ఇంట్లో వారికి చెప్పండి. కొన్ని ఇబ్బందులు రోజుల తర్వాత బయటపడతాయి.

పరికరం ఎముకలో ఎక్కడుందో స్కానింగు బొమ్మ మీద చూపించే నావిగేషన్ మంచిదే. ఉంటే వాడుకోవాలి. కానీ ముందురోజు తీసిన సీటీ ఆధారంగా పనిచేసే నావిగేషన్‌ను ఈ కీలు దగ్గర పూర్తిగా నమ్మకూడదు. బోర్లా పడుకోబెట్టగానే వదులుగా ఉన్న అట్లాస్ పక్కకు జరుగుతుంది, తెర మీది బొమ్మ మాత్రం నిన్నటిదే చూపిస్తుంది. ఆపరేషన్ బల్ల మీదే సీటీ తీసే సదుపాయం ఉంటే ఆ లోపం చాలావరకు తీరుతుంది. రోబో ఉందా అని అడిగే ముందు, ఈ సర్జన్ పై రెండు పూసల ఆపరేషన్లు ఏటా ఎన్ని చేస్తున్నారు, ధమని బొమ్మ చూశారా అని అడగండి. ఆ జవాబులు తృప్తిగా ఉంటే గుంటూరా, హైదరాబాదా, వెల్లూరా అన్నది పెద్ద విషయం కాదు. ఇంకొకటి, మీ నాన్నగారి వయసులో ఎముక అతకకపోయినా గట్టి పీచు పొరతో నిలబడి, ఆపరేషన్ అవసరం రానివారు ఉంటారు. మీరు రాసిన చేతుల తిమ్మిరి వెన్నుపాము నొక్కుకోవడం వల్లే అయితే మాత్రం మీ నాన్నగారు ఆ కోవలోకి రారు. అది తేల్చిన తర్వాతే తేదీ పెట్టించుకోండి.

ప్రశ్న: కళ్లు తిరుగుతున్నాయని ఎమ్మారై తీయిస్తే, ఎడమ వెర్టిబ్రల్ ధమని సన్నగా ఉందని రిపోర్టులో రాశారు. నాకు 45 ఏళ్లు. ఇది కూడా పుట్టుకతో వచ్చిన లోపమేనా? మెదడుకు రక్తం సరిపోతుందా? — ఒక గృహిణి, నెల్లూరు

జవాబు: ఇది లోపం కాదమ్మా, తేడా మాత్రమే. రెండు వెర్టిబ్రల్ ధమనులూ సమానంగా ఉండేవారు తక్కువ. ఎక్కువమందికి ఎడమది పెద్దగా ఉంటుంది, మీకు కుడిది పెద్దగా ఉంది. పుర్రెలో రెండూ కలిసిపోతాయి కనుక పెద్దది తెచ్చే రక్తం మామూలుగా సరిపోతుంది. పడుకుని పక్కకు తిరిగినప్పుడు కొన్ని క్షణాలు గిర్రున తిరిగినట్టు ఉంటే అది లోపలి చెవి సమస్య కావచ్చు, ముందు చెవి డాక్టరు గారిని కలవండి. కళ్లు తిరగడంతో పాటు మాట ముద్దగా రావడం, మూతి వంకర పోవడం, నడవలేకపోవడం ఉంటే మాత్రం ఆ క్షణమే పెద్దాసుపత్రికి వెళ్లాలి. మీ రిపోర్టును బీరువాలో భద్రంగా ఉంచండి. ఎప్పుడైనా మీ మెడ పైపూసలకు ఆపరేషన్ చేయాల్సి వస్తే, కుడి వైపున ఉన్నది మీ ముఖ్యమైన ధమని అని ఆ సర్జన్‌కు మొదటి రోజే తెలియాలి.